సుల్కాటానా, అల్దాబ్రానా, గాలపాగోసా? ముందు మీ ప్రహరీ పునాది ఎంత లోతో చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే పదిహేనేళ్ళ కిందట మా ఇంట్లో జరిగిన వాదనలే మళ్ళీ విన్నట్టుంది. అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో పావెకరం పెరడున్న ఇల్లు కొన్నారు. పాపకి ఎనిమిదేళ్ళు. సరీసృపాలు అమ్మే ఎక్స్‌పోలో డెబ్బై డాలర్లకి అమ్ముతున్న సుల్కాటా తాబేలు పిల్లని చూసి అక్కణ్ణించి కదలనంది. మీకేమో ఎలాగూ పెంచుతున్నాం కదా, ఇంకొంచెం డబ్బు పెట్టి ఇంకా పెద్ద జాతి అల్దాబ్రా తాబేలునే తెచ్చుకుందామని ఉంది. మీవారు అన్నిటికంటే పెద్దదైన గాలపాగోస్ తాబేలు దొరుకుతుందేమో కనుక్కోమన్నారు. అత్తగారు ఇంట్లో కూర్మం తిరిగితే మంచిదన్నారు. ఇండియా తిరిగెళ్ళిపోతే వెంట తీసుకెళ్ళొచ్చా అని చివర్లో అడిగారు.

ముందు నా సంగతి చెప్తాను, నా మాటకి ఎంత విలువివ్వాలో మీరే తేల్చుకోవచ్చు. మాది మదనపల్లె దగ్గర పల్లె. ఇప్పుడు ఫీనిక్స్‌కి తూర్పున ఎకరం స్థలంలో ఉంటున్నాం. 2009లో ఎవరో వదిలించుకున్న సుల్కాటా మగదాన్ని తెచ్చుకున్నాం, పేరు భీముడు. 2011లో రెండు అల్దాబ్రా పిల్లల్ని కొన్నాం. మా ఆయన వాటికి ముద్ద, పప్పు అని పేర్లు పెట్టాడు. గాలపాగోస్ నా దగ్గర ఎప్పుడూ లేదు. ఒకాయన తోటలో నాలుగుంటే ఏడేళ్ళు శని, ఆదివారాలు వెళ్ళి మేత వేసి పేడ ఎత్తాను. అందుకని వాటి గురించి నేను చెప్పేది పక్కింటి పిల్లల గురించి చెప్పినట్టే ఉంటుంది.

గాలపాగోస్ ఆలోచన మానుకోండి. అల్దాబ్రా బంగారం లాంటి జంతువు, కానీ మీ పెరట్లో పట్టదు. సుల్కాటా పిల్లని మాత్రం దయచేసి కొనకండి. మూడింట్లోకీ చవకైనదీ, మూడింట్లోకీ చివరికి ఎక్కువ ఖర్చు పెట్టించేదీ అదే. ఎందుకో చెప్పడానికి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సుల్కాటా ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున, సాహెల్ అనే మెట్ట ప్రాంతంలో పుట్టింది. ప్రపంచంలో మూడో పెద్ద తాబేలు, దీవుల్లో కాకుండా నేల మీద బతికేవాటిలో మొదటిది. గుడ్డులోంచి వచ్చినప్పుడు రెండంగుళాలుంటుంది, అరచేతిలో ఉన్నా బరువు తెలీదు. మంచి మేత పడితే అయిదారేళ్ళలో పదిహేను కిలోలు దాటుతుంది. ఎదిగిన మగది నలభై, యాభై కిలోలుండటం మామూలే, ఇంకా పెద్దవీ ఉన్నాయి. ఎక్స్‌పోలో అమ్మేవాడు ఈ మాట చెప్పడని కాదు, చెప్తాడు. ఆ బుల్లి ముఖం చూస్తూ వినేవాళ్ళకి చెవికెక్కదంతే.

అసలు ఇబ్బంది బరువుతో కాదు, తవ్వకంతో. వాళ్ళ ఊళ్ళో నేల మీద నిప్పులు కురుస్తుంటే ఇవి భూమిలోకి పది, పదిహేను మీటర్ల సొరంగాలు తవ్వుకుని అక్కడి చల్లదనంలో, తేమలో బతుకుతాయి. మీ పెరట్లోకొచ్చాక ఆ బుద్ధి మానుకోదు కదా. మా భీముడు వచ్చిన రెండో వేసవిలో వెనక వరండా కాంక్రీటు పలక కిందకి బొరియ పెట్టాడు. నీడ కోసమేలే అని ముచ్చటపడి వదిలేశాం. జులై వానలు వచ్చాయి. ఒక రాత్రి ఫట్‌మని చప్పుడయింది. పొద్దున చూస్తే పలక మధ్యకి పగిలి ఒక పక్క జానెడు కుంగింది. లోపల భీముడు, బొరియ నోట్లో బురద. చిన్న ఎక్స్‌కవేటర్ అద్దెకి తెచ్చి, దాని పళ్ళు వాడి డిప్పకి తగలకుండా పక్కనుంచి తవ్వేసరికి సాయంత్రమైంది. బయటకొచ్చి మమ్మల్ని ఒకసారి చూసి గడ్డి మేయడానికి వెళ్ళిపోయాడు.

అందుకే ప్రహరీ పునాది లోతు చూడమన్నాను. ఇక్కడి బ్లాక్ గోడలకి పునాదులు పెద్ద లోతుండవు. మీ గోడకి అవతల పక్కింటివాళ్ళ ఈతకొలను ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. తాబేలు నీళ్ళలో పడితే మెట్ల దగ్గరికి రాలేదు, మునిగిపోతుంది. ఇనుప జల్లెడ కంచె పెడతానంటారేమో. అవతల ఏముందో కనిపించే కంచెని సుల్కాటా కంచె కింద లెక్కేయదు, రోజంతా నెడుతూనే ఉంటుంది. అవతల కనిపించనీయకుండా గోడ కట్టాలి, దాని అడుగున రెండడుగుల లోతుకి బ్లాకులు పాతాలి. దానికి అయ్యే ఖర్చుని డెబ్బై డాలర్లకి కలపండి.

రెండు మగవాటిని కలిపి ఉంచడం అసాధ్యం. మెడ కింద డిప్ప కొమ్ములా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, దాంతో ఎదుటిదాన్ని గుద్ది వెల్లకిలా పడేస్తాయి. ఫీనిక్స్ ఎండలో వెల్లకిలా పడ్డ తాబేలు గంటలోపే చచ్చిపోవచ్చు. పిల్లప్పుడు ఆడదో మగదో ఎవరూ చెప్పలేరు. డిప్ప పన్నెండు, పద్నాలుగు అంగుళాలయ్యాకే తెలుస్తుంది. ఆడది అయితే గొడవ తక్కువ అనుకుంటారు. ఒక్కో కాన్పుకి పదిహేను నుంచి ముప్ఫై గుడ్లు పెడుతుంది. పిల్లలు చెయ్యకూడదనుకుంటే ఆ గుడ్లన్నీ వెతికి తియ్యాలి. అలా తియ్యనివాళ్ళ పుణ్యమా అనే ఈ రాష్ట్రంలో సరీసృపాల శరణాలయాల్లో సుల్కాటాలకి చోటు దొరకడం లేదు. మరోపక్క సొంత గడ్డ మీద ఇవి అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువులు. అడవిలో పట్టినవాటిని వ్యాపారానికి ఎగుమతి చేయకుండా 2000లోనే సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) కోటా సున్నా చేసింది. అదే ఏడాది అమెరికా వ్యవసాయ శాఖ ఇంకో కారణంతో వీటి దిగుమతిని ఆపేసింది. వీటి ఒంటి మీద వచ్చే ఆఫ్రికా పిడుదులు పశువులకి హార్ట్‌వాటర్ అనే రోగం అంటిస్తాయని. ఇప్పుడు ఇక్కడ అమ్మేవన్నీ ఇక్కడ పుట్టినవే, అదీ అవసరానికి మించి పుట్టినవి.

పిల్లని పెంచడంలో ఇంకో పొరపాటు ఉంది, నేనూ మొదట్లో నమ్మాను. ఎడారి జంతువు కాబట్టి పొడిగా ఉంచాలనేది. అలా పొడిలో పెరిగిన పిల్లల డిప్ప మీద పలకలు ఒక్కొక్కటీ గుట్టలా లేస్తాయి, పిరమిడింగ్ అంటారు. ఒకసారి లేచాక అది జన్మంతా పోదు. అడవిలో ఇవి గుడ్డులోంచి వచ్చేది వానల్లో, పెరిగేది తేమగల బొరియల్లో. అందుకని మొదటి రెండేళ్ళు మూతపెట్టిన తొట్టిలో, ఎనభై శాతం తేమలో, రాత్రీ పగలూ ఎనభై డిగ్రీలకి తగ్గకుండా (నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్) ఉంచి, రోజూ గోరువెచ్చటి నీళ్ళలో అరగంట కూర్చోపెట్టాలి. ఎనిమిదేళ్ళ పాప ఈ పని ఎన్నాళ్ళు చేస్తుందో మీకే తెలుసు. చేసేది మీరే.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి భీముడి ఆపరేషన్ సంగతి చెప్పాలి. వాడి పాత యజమాని లెట్యూస్ తప్ప ఇంకేం పెట్టలేదు, నీళ్ళ పళ్ళెం కూడా పెట్టలేదు. ఎడారి జంతువే కదా మరి. మా దగ్గరికొచ్చిన ఏడాదికి వెనక కాళ్ళు ఈడ్చడం మొదలెట్టాడు. ఎక్స్‌రేలో మూత్రాశయంలో కోడిగుడ్డంత రాయి. తాబేలుకి పొట్ట కోయడం అంటే కింది డిప్పని రంపంతో చదరంగా కోసి, కిటికీ తలుపులా ఎత్తి, రాయి తీసి, మళ్ళీ ఆ ముక్కనే అతికించడం. మూడున్నర వేల డాలర్లయింది. పైగా ఈ పని చేయగల డాక్టరు ప్రతి ఊళ్ళో దొరకడు. కుక్కల్ని చూసే డాక్టర్లు యాభై కిలోల తాబేలుని బల్ల మీదకి ఎత్తడానికే భయపడతారు. మీరు ఏ తాబేలు కొన్నా కొనేముందే మీకు గంట దూరంలో తాబేళ్ళు చూసే డాక్టరున్నాడేమో కనుక్కోండి.

ఇక మూడింటికీ సమానంగా వర్తించేది రాత్రి గది. దీని గురించి ఎవరూ అడగరు, మీరూ అడగలేదు. సుల్కాటాకీ, అల్దాబ్రాకీ, గాలపాగోస్‌కీ ఈ అరిజోనా ఎడారి తాబేలులా శీతాకాలపు నిద్ర లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఫీనిక్స్ చుట్టుపక్కల నలభై డిగ్రీల దగ్గరికి రావడం మామూలే, ఒక్కో రాత్రి నీళ్ళు గడ్డ కడతాయి. అలాంటి రాత్రులు నాలుగు బయట గడిపితే ముక్కు కారుతుంది, ఆనక ఊపిరితిత్తులకి పడుతుంది. అందుకని గోడల్లో ఫోమ్ దట్టించిన గది కట్టి, థర్మోస్టాట్‌తో ఎనభై డిగ్రీల దగ్గర నిలపాలి. పైనుంచి బల్బులు వేలాడదీయకండి. పెద్ద తాబేలుకి వీపు బల్బుకి దగ్గరగా ఉంటుంది, మిగతా ఒళ్ళు వేడెక్కేలోపు డిప్ప పైభాగం ఎండి కాలిపోతుంది. గడ్డి అంటుకుని గది తగలబడ్డ ఇళ్ళనీ చూశాను. ఆయిల్ హీటరుకి అడ్డుగా చెక్క కట్టి పెట్టండి, లేదా వెడల్పాటి రేడియెంట్ ప్యానెల్ బిగించండి. సుల్కాటా ఒక్కదానికి నాలుగడుగులకి నాలుగడుగుల పెట్టె సరిపోతుంది. మా ముద్దకీ, పప్పుకీ కట్టింది పన్నెండడుగులకి పదడుగులు, అదీ ఇప్పుడు ఇరుకైంది.

అల్దాబ్రా గురించి చెప్పడం మొదలెడితే మా ఆయన నవ్వుతాడు, ఆపదని. హిందూ మహాసముద్రంలో సీషెల్స్‌కి చెందిన అల్దాబ్రా అనే పగడపు దీవి వీటి పుట్టిల్లు. సుమారు లక్ష తాబేళ్ళు అక్కడ బతుకుతున్నాయి. చుట్టుపక్కల దీవుల్లో ఉండిన పెద్ద తాబేళ్ళన్నిటినీ ఓడలవాళ్ళు తిని తుడిచిపెట్టేశారు. ఇది మాత్రం మంచినీళ్ళు లేని, నడవడానికి వీల్లేని మొనదేలిన రాళ్ళ దీవి కావడంతో మిగిలింది. వీటిని కాపాడమని 1874లో మారిషస్ గవర్నరుకి అర్జీ పెట్టినవాళ్ళలో డార్విన్ కూడా ఉన్నాడు. 1982లో ఆ దీవిని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. మారిషస్‌లో మన తెలుగువాళ్ళు తరాలుగా ఉన్నారు కదా, అక్కడి ఈల్ ఓ జెగ్రెట్ అనే చిన్న దీవిలో 2000 నుంచి ఈ అల్దాబ్రాలనే వదిలి పెంచుతున్నారు. అంతరించిన సొంత తాబేళ్ళు చేసే పని, అంటే పళ్ళు తిని గింజలు దూరంగా విసర్జించడం, ఇప్పుడు ఇవి చేసిపెడుతున్నాయి.

మగది రెండువందల యాభై కిలోల దాకా పెరుగుతుంది, ఆడది అంతకంటే చాలా చిన్నది. మా ముద్ద ఇప్పుడు డెబ్బై కిలోలు దాటింది, పప్పు దానికంటే తక్కువ. ఆడో మగో ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను. పద్నాలుగేళ్ళు పెంచినా తెలియదంటే మా అమ్మ నమ్మదు. పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ళు పడుతుందని ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా సరే.

సుల్కాటాకీ దీనికీ స్వభావంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. భీముడు నన్ను మేత తెచ్చే మనిషిలా చూస్తాడు. ముద్ద నన్ను చూసి వస్తుంది, మేత లేకపోయినా. మెడ కిందా, వెనక కాళ్ళ మడతల్లోనూ గోకితే నాలుగు కాళ్ళ మీద నిటారుగా లేచి, మెడ పైకి చాచి, కళ్ళు మూసుకుని నిలబడిపోతుంది. గాలపాగోస్‌లో ఫించ్ పిట్టలు ఒంటి మీది పిడుదులు ఏరుకోవడానికి వచ్చినప్పుడు అక్కడి తాబేళ్ళూ ఇలాగే లేచి నిలబడతాయి. అల్దాబ్రాలు నీళ్ళు పలచగా నిలిచిన గుంటల్లోంచి ముక్కుతో కూడా పీల్చుకుని తాగగలవు. మా పప్పు అలా తాగడం మొదటిసారి చూసినప్పుడు జబ్బు చేసిందనుకుని కంగారుపడ్డాను. తవ్వకం పిచ్చి లేదు, బురదలో పొర్లడమే ఇష్టం. కంచె అవతల కనిపిస్తే నెడుతుంది, అది నిజమే, కానీ గోడ కింద సొరంగం పెట్టదు. ఎర్రరంగు కనిపిస్తే పండనుకుంటుంది. ఒకసారి గోళ్ళకి ఎర్రరంగు వేసుకుని చెప్పుల్లేకుండా పెరట్లోకి పోయాను, బొటనవేలు పట్టుకుంది. గోరు మళ్ళీ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. తప్పు నాదే.

సముద్రం మీద తేలగలదు కూడా. 2004 డిసెంబరులో టాంజానియా తీరంలో కిమ్‌బీజీ దగ్గర ఒక అల్దాబ్రా ఒడ్డుకి నడిచొచ్చింది. కాళ్ళకీ, కింది డిప్పకీ సముద్రపు నత్తల్లాంటి బార్నకిల్స్ పట్టి ఉన్నాయి. అంటే వారాల తరబడి నీళ్ళలో ఉందన్నమాట. అల్దాబ్రా అక్కణ్ణించి ఏడువందల కిలోమీటర్ల పైనే. అయితే దీన్ని పట్టుకుని మీ ఈతకొలనుకి కంచె వేయడం మానకండి. సముద్రంలో గోడలుండవు, కొలనులో ఉంటాయి. అలిసిపోతే ఏ తాబేలైనా మునుగుతుంది.

మరి ఇన్ని సుగుణాలుండగా ఎందుకొద్దంటున్నాను? ఒకటి, ఎండ. అల్దాబ్రా తేమ దీవి జంతువు, ఎండలో చిక్కుకుంటే దాని పుట్టిన దీవిలోనే చచ్చిపోతుంది. పొద్దెక్కేలోపు చెట్టు నీడకి చేరలేకపోయినవి అక్కడే వేడికి ప్రాణాలు వదులుతాయి. ఇక్కడ 2023లో ఫీనిక్స్‌లో వరసగా ముప్ఫై ఒక్క రోజులు 110 డిగ్రీలకి తగ్గలేదు. ఆ నెల రోజులూ నేను పొద్దున నాలుగున్నరకి లేచి బురదగుంట నింపేదాన్ని. మంచు తుంపర్లలా నీళ్ళు చల్లే గొట్టాలు పగలంతా నడిచేవి. మూడు మెస్కీట్ చెట్ల కింద దట్టమైన నీడ ఉంది కాబట్టి బతికాయి. సుల్కాటా అదే నెల బొరియలో పడుకుని గడిపేసింది. వాతావరణం ఒక్కటే చూస్తే ఫీనిక్స్‌కి సుల్కాటానే నయమని ఒప్పుకుంటాను.

రెండు, చోటు. రెండువందల కిలోల జంతువు పావెకరంలో తిరిగితే ఆర్నెల్లలో గడ్డి ఉండదు, మట్టే ఉంటుంది. పావెకరమంటే ఇల్లు, కార్ల షెడ్డు, కొలను పోనూ ఎంత మిగులుతుందో మీరే కొలవండి. మూడు, ఒక్కదాన్నే ఉంచడం నాకిష్టం లేదు. సుల్కాటా ఒంటరిగా హాయిగా ఉంటుంది. అల్దాబ్రాలు మాత్రం ఒకదాని మీద ఒకటి తల ఆనించుకుని నిద్రపోవడం రోజూ చూస్తున్నాను. ధర నాలుగోది. పిల్ల రెండువేల డాలర్ల పైమాటే. నిజానికి ఆ ధర మంచిదే అంటాను. రెండువేలు పెట్టినవాడు ముందు చదువుతాడు, తర్వాత కొంటాడు.

గాలపాగోస్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద తాబేళ్ళు ఇవే, నాలుగువందల కిలోలు దాటిన మగవి ఉన్నాయి. ఒక్కో దీవికి ఒక్కో రకం. కొన్నిటి డిప్ప గుమ్మటంలా ఉంటుంది, కొన్నిటిది ముందుభాగం జీనులా పైకి లేచి ఉంటుంది. అల్దాబ్రాతో పోల్చి గుర్తుపట్టడం తేలిక. మెడ వెనక డిప్ప అంచు మధ్యలో చిన్న పలక ఒకటి అల్దాబ్రాకి ఉంటుంది, గాలపాగోస్‌కి ఉండదు. తల కూడా అల్దాబ్రాది సన్నం, దీనిది వెడల్పు. గుమ్మటం డిప్పవి కొండల మీద పొగమంచులో మేసే రకాలు కాబట్టి చల్లటి పగళ్ళని అల్దాబ్రా కంటే బాగా తట్టుకుంటాయి. నేను చూసిన నాలుగూ నిదానమైనవే, గోకితే లేచి నిలబడేవి.

అడ్డం చట్టంతో వస్తుంది. ఇవి సైటీస్ మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కట్టుదిట్టమైన జాబితాలో ఉన్నాయి, అమెరికా అంతరించే జీవుల చట్టం కిందా ఉన్నాయి. రాష్ట్రం దాటించి అమ్మాలన్నా కొనాలన్నా ఫెడరల్ అనుమతి కావాలి. అది జాతి సంరక్షణకి పనికొచ్చేలా పెంచేవాళ్ళకి ఇచ్చేదే తప్ప పెరట్లో ముచ్చటకి కాదు. అలా ఉండటమే న్యాయం కూడా. పింటా దీవి జాతిలో మిగిలిన ఆఖరిది, లోన్సమ్ జార్జ్, 2012 జూన్ 24న చనిపోయింది, దాంతో ఆ జాతే అయిపోయింది. ఎస్పాన్యోలా దీవిలో పద్నాలుగే మిగిలాయి, పన్నెండు ఆడవి, రెండు మగవి. శాన్ డియాగో జూలో ఉన్న డియేగో అనే మగదాన్ని 1970ల్లో తిరిగి పంపాక వాటి సంతానం వందల్లోకి, వేలల్లోకి పెరిగింది. 2020లో డియేగోని మళ్ళీ సొంత దీవిలో వదిలారు. ఇలా ఒక్కొక్క జంతువూ లెక్కలోకొచ్చే చోట, ఏ దీవి రకమో తెలియకుండా కలగాపులగంగా పుట్టిన పిల్లని ఆరేడు వేలు పెట్టి కొనడం నాకు నచ్చదు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. లెపర్డ్ తాబేలు పదిహేను, ఇరవై కిలోల్లో ఆగుతుంది, తవ్వదు, చాలా పిరికిది. మీ పెరడుకి సరిపోతుంది. బర్మా కొండ తాబేలు మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ ఉంది, ఆకులు కుప్పపోసి గూడు కట్టి గుడ్లకి కాపలా కూర్చుంటుంది. ఎంత ముద్దొచ్చినా దానికి ఫీనిక్స్ నరకం. చిత్తడి ప్రాంతాలవాళ్ళకి వదిలేయండి.

మేతలో మనకొక లాభముంది. ఇక్కడ బెర్ముడా గ్రాస్ అని అమ్మేది మన గరికే. వినాయక చవితికి మీరు లాన్‌లోంచి పీక్కొచ్చేదీ, భీముడు మేసేదీ ఒకటే. నాగజెముడు ఆకులు ముళ్ళు కాల్చి పెట్టండి, మందార ఆకులూ పూలూ, మల్బరీ ఆకులు, మిగతా అంతా ఎండుగడ్డి. పాలకూర అలవాటు చేయకండి, పళ్ళు ఎప్పుడో ఒక ముక్క. అన్నం, చపాతీ, కుక్కల మేత అసలొద్దు. ఇంకో మాట, ఈ ఊళ్ళో వీధి వీధినా కంచెలా పెంచే ఓలియాండర్ మన గన్నేరే. పసుప్పచ్చదైనా, ఎర్రదైనా విషమే. పక్కింటి గన్నేరు ఆకులు గాలికి మీ పెరట్లో పడుతుంటే ఏ తాబేలూ తేవద్దు.

పాప గురించి. తాబేలుని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, సాల్మొనెల్లా భయం ఉంది. నాలుగంగుళాల కంటే చిన్న తాబేళ్ళని పెంపకానికి అమ్మకూడదని 1975 నుంచీ ఫెడరల్ నియమం ఉన్నది పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే. ఎక్స్‌పోలో ఆ రెండంగుళాల పిల్లని ఏ వంకతో అమ్ముతున్నారో అడిగి చూడండి. వీపు మీద కూర్చోబెట్టి ఫొటోలు తీయడం కూడా మానండి.

అత్తగారి మాట కొట్టిపారేయను. శ్రీకూర్మం గుళ్ళో నక్షత్ర తాబేళ్ళని చూసినవాళ్ళకి ఆ కోరిక సహజం. చిన్నప్పుడు మా చేలగట్ల మీద అవి కనిపిస్తే మా నాయన పక్కకి తీసి గట్టు మీద పెట్టి దణ్ణం పెట్టేవాడు. ఇప్పుడు ఆ తాబేళ్ళనే సంచుల్లో కుక్కి దొంగతనంగా విమానాలెక్కిస్తున్నారు. 2019లో వాటిని సైటీస్ మొదటి అనుబంధంలోకి మార్చారు. ఇండియాలో ఇంట్లో పెంచడం నేరం, మంచి జరగడం మాట దేవుడెరుగు.

ఇండియాకి తీసుకెళ్ళడం గురించి: అయ్యే పని కాదనుకోండి. సామానుతో పాటు పెంపుడు జంతువుగా తీసుకెళ్ళడానికి నిబంధనలున్నవి కుక్కకీ పిల్లికీ. సుల్కాటాకైనా అల్దాబ్రాకైనా ఇక్కణ్ణించి సైటీస్ ఎగుమతి పత్రం, అక్కడ దిగుమతి అనుమతి కావాలి. ఆపైన 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాబట్టి మీరు వెళ్ళిపోతే తాబేలు ఇక్కడే ఉండిపోతుంది. ఎవరి దగ్గర? సుల్కాటా డెబ్బై ఏళ్ళు బతకొచ్చు, అల్దాబ్రా నూరు దాటొచ్చు. అట్లాంటిక్‌లో సెయింట్ హెలీనా దీవిలోని జొనాథన్ అనే పెద్ద తాబేలు 1882లో ఆ దీవికి వచ్చేటప్పటికే పూర్తిగా ఎదిగి ఉంది. మన హైదరాబాద్ నెహ్రూ జూలో 2024లో పోయిన గాలపాగోస్ తాబేలుకి 125 ఏళ్ళన్నారు. 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి జూకి మారినప్పటి కాపరులెవరూ దాని చివరిరోజు చూసి ఉండరు. మా ముద్ద, పప్పుల కోసం వీలునామాలో ఒక పేజీ రాయించాం. లాయరు మొదట పరిహాసమనుకున్నాడు.

మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానంటే, అరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ ఎడారి తాబేళ్ళని దత్తతకి ఇస్తుంది, దానికి దరఖాస్తు పెడతాను. ఈ నేల జంతువే. అడుగుంబావుకి మించి పెరగదు, చలికాలమంతా బొరియలో నిద్రపోతుంది, హీటరు అక్కర్లేదు. ముందు మీరు కట్టిన చోటు సరిగా ఉందో లేదో వాళ్ళు చూస్తారు. పిల్లలు పెట్టించకూడదు, రాష్ట్రం దాటించకూడదు, వద్దనిపిస్తే ఎడారిలో వదలకూడదు, వాళ్ళకే తిరిగివ్వాలి. మీరు ఇండియా వెళ్ళిపోయే రోజున ఏం చేయాలో దీనికి సమాధానం ఉంది, మిగతా మూడింటికీ లేదు. పాపకి పెద్ద తాబేలే కావాలంటే శరణాలయంలో ఎదిగిన సుల్కాటాని దత్తత తీసుకోండి. ఆడో మగో తెలిసే వస్తుంది, గుద్దే స్వభావమో కాదో ముందే చెప్తారు. గోడ, గది మాత్రం ముందు కట్టాలి.

ఏదీ తేల్చుకోకముందే మార్చి చివర్లో, రాత్రులు వెచ్చబడ్డాక, ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి రండి. ఎనిమిదింటికల్లా వస్తే భీముడు బొరియలోంచి వచ్చి ఎండ కాచుకుంటుంటాడు, ముద్ద మెడ గోకించుకుంటుంది. పాప చేత రెండు నాగజెముడు ఆకులు తెప్పించండి, ముళ్ళు నేను కాలుస్తాను. కాళ్ళకి బూట్లు వేయండి.